నల్లజాతి బిడ్డల పెంపకం: తెలుగువాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తెనాలి అమ్మాయిని. అట్లాంటాలో కాపురం. మావారు నల్లజాతి అమెరికన్. మాకు పదమూడేళ్ల కొడుకు, తొమ్మిదేళ్ల కూతురు. మా అత్తగారు ఇదే ఊళ్లో నలుగురు పిల్లల్ని పెంచారు. పిల్లల పెంపకం గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆవిడ వంటింట్లో కూర్చుని నేర్చుకున్నదే. గుడిలో, పుట్టినరోజు విందుల్లో, ఇండియా నుంచి వచ్చే ఫోన్లలో మనవాళ్లు కొన్ని ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. వాటికి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. నేను నల్లజాతి తల్లిని కాను, నల్లజాతి పిల్లల తల్లిని. ఈ రెంటికీ ఉన్న తేడాను మరవకుండా రాశాను.

'నల్లజాతివారు' అనాలా, 'ఆఫ్రికన్ అమెరికన్లు' అనాలా?

రెండూ గౌరవమైన మాటలే. నైజీరియా నుంచో జమైకా నుంచో ఈమధ్య వచ్చిన కుటుంబాలకు మాత్రం రెండో మాట అంతగా నప్పదు. ఎదుటివాళ్లకు తెలుగు రాదన్న ధీమాతో మన ఇళ్లలో వాడే మాటలు వేరే ఉన్నాయి. వాటిని ఇక్కడ రాయను. మా పిల్లలకు తెలుగు వచ్చు. ఆ మాటలు వాళ్లు విన్నారు.

తల్లి ఎక్కడైనా తల్లే కదా, 'నల్లజాతి తల్లి' అని విడిగా ఎందుకు చెప్పాలి?

1662లో వర్జీనియా ఒక చట్టం చేసింది. పుట్టిన బిడ్డ బానిస అవునా కాదా అన్నది తల్లిని బట్టి తేలుతుందని దాని సారం. అంతకుముందు ఇంగ్లీషు ఆచారంలో బిడ్డకు తండ్రి స్థితే వచ్చేది. ఈ చట్టంతో బానిస స్త్రీ కడుపు యజమాని ఆస్తిలో భాగమైంది. తండ్రి ఆ యజమానే అయినా సరే, బిడ్డ బానిసే. ఆ బిడ్డను ఎప్పుడైనా, ఎవరికైనా అమ్మవచ్చు. తన బిడ్డను పక్కన పడుకోబెట్టి యజమాని బిడ్డకు పాలు పట్టిన తల్లులు ఎందరో. కన్న బిడ్డను తన దగ్గరే ఉంచుకుని పెంచుకోవడం కూడా ఈ సమాజం పోరాడి తెచ్చుకున్న హక్కే.

బానిసత్వం పోయాక కూడా భయం పోలేదు. 1955 ఆగస్టులో షికాగోకు చెందిన పద్నాలుగేళ్ల ఎమ్మెట్ టిల్ మిసిసిపీలో బంధువుల ఇంటికి వెళ్లాడు. ఒక శ్వేతజాతి స్త్రీతో తప్పుగా ప్రవర్తించాడని నింద వేసి, అతన్ని ఎత్తుకెళ్లి చంపారు. తల్లి మేమీ టిల్ కొడుకు శవపేటికను మూయనివ్వలేదు. వాణ్ని ఏం చేశారో లోకమంతా చూడాలని పట్టుబట్టింది. వేలమంది వచ్చి చూశారు, 'జెట్' పత్రిక ఆ ఫొటోలు అచ్చువేసింది. అప్పుడు మా అత్తగారికి ఆరేళ్లు. ఆ పత్రిక ఇంట్లోకి వచ్చిన రోజున తల్లి తన అన్నలను గడప దాటనివ్వలేదని ఇప్పటికీ చెబుతారు.

అమెరికాలో ఇన్ని మంచి ఆసుపత్రులుండగా, కాన్పు అంటే వాళ్లకు అంత భయం ఎందుకు?

భయానికి లెక్కలున్నాయి. 2023లో అమెరికాలో లక్ష కాన్పులకు శ్వేతజాతి తల్లులు 14.5 మంది చనిపోతే, నల్లజాతి తల్లులు 50.3 మంది చనిపోయారు. ఇది ప్రభుత్వ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క. పేదరికమే కారణమని చాలామంది అనుకుంటారు. చదువు, డబ్బు ఉన్నవాళ్లకూ ఈ ముప్పు తప్పడం లేదు.

టెన్నిస్ క్రీడాకారిణి సెరీనా విలియమ్స్ సంగతి చూడండి. 2017 సెప్టెంబరులో ఆమెకు ఆపరేషన్ చేసి కాన్పు చేశారు. మర్నాడు ఊపిరి అందలేదు. ఆమెకు గతంలో కూడా ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టింది కాబట్టి, జరుగుతున్నదేమిటో వెంటనే గుర్తుపట్టింది. స్కాన్ తీయండి, రక్తం పలచబడే మందు ఇవ్వండి అని తానే చెప్పింది. నొప్పి మందుల మత్తులో ఏదో మాట్లాడుతోందని నర్సు అనుకుంది. ఆమె పట్టు విడవలేదు. చివరికి స్కాన్ తీస్తే ఊపిరితిత్తుల్లో గడ్డలు కనిపించాయి. ప్రపంచమంతా ఎరిగిన మనిషి మాటనే పెడచెవిన పెట్టబోయారంటే, ఊరూపేరూ లేని ఇరవై ఏళ్ల బాలింత మాట ఎవరు వింటారు?

2016లో వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు శ్వేతజాతి వైద్య విద్యార్థులను, శిక్షణలో ఉన్న డాక్టర్లను ప్రశ్నించారు. 'నల్లవారి చర్మం మందంగా ఉంటుంది' లాంటి అబద్ధాల్లో ఒక్కటైనా నిజమని నమ్మినవాళ్లు వాళ్లలో దాదాపు సగం మంది. అలా నమ్మినవాళ్లు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు.

నా మొదటి కాన్పుకు మా అత్తగారు ఒక నోటుపుస్తకంతో వచ్చారు. ఏ మందు ఎప్పుడు ఇచ్చారు, నేను ఏం చెప్పాను, వాళ్లు ఏం జవాబిచ్చారు, అన్నీ గంటలు నిమిషాలతో సహా రాశారు. నాకు మొదట కాస్త ఇబ్బందిగా అనిపించింది. రెండో రోజు నా తలనొప్పిని ఎవరూ పట్టించుకోకపోతే, ఆవిడ ఆ పుస్తకం తెరిచి డాక్టరు ముందు పెట్టారు. అప్పుడు రక్తపోటు చూశారు. ఆ పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఈ పరిస్థితి మార్చడానికి ఎవరైనా ఏమైనా చేస్తున్నారా?

చేస్తున్నారు, ముఖ్యంగా నల్లజాతి ఆడవాళ్లే. ఏటా ఏప్రిల్ 11 నుంచి 17 వరకు నల్లజాతి తల్లుల ఆరోగ్య వారోత్సవం జరుగుతుంది. 'బ్లాక్ మామాస్ మ్యాటర్ అలయన్స్' అనే సంస్థ 2018లో దీన్ని మొదలుపెట్టింది. చాలా ఊళ్లలో డూలాలు ఉన్నారు. డూలా వైద్యం చేయదు. కాన్పుకు ముందు, కాన్పులో, తర్వాత తల్లి పక్కనే ఉండి, ఆమె మాట డాక్టర్లకు చేరేలా చూస్తుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. దక్షిణాది పల్లెల్లో తరాల తరబడి నల్లజాతి మంత్రసానులే నల్లబిడ్డలకూ తెల్లబిడ్డలకూ పురుడు పోశారు. ఇరవయ్యో శతాబ్దంలో లైసెన్సుల నిబంధనలు తెచ్చి, వాళ్లకు చదువు లేదు, శుభ్రత లేదు అంటూ ఒక్కొక్కరినే తప్పించారు. మన మంత్రసానుల కథ తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

పేదల వైద్య బీమా అయిన మెడికెయిడ్ ఒకప్పుడు కాన్పయిన 60 రోజులకే ఆగిపోయేది. 2021 చట్టం తర్వాత దాన్ని ఏడాది వరకు పొడిగించే వీలు రాష్ట్రాలకు వచ్చింది, చాలా రాష్ట్రాలు పొడిగించాయి. బాలింతకు గండం పురిటి మంచంతో తీరిపోదని మన అమ్మమ్మలకు ముందే తెలుసు కదా.

తమ రంగు వేరని పిల్లలకు ఏ వయసులో తెలుస్తుంది?

మనం అనుకునేదానికంటే చాలా ముందే. 1940లలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వవేత్తల జంట మూడు నుంచి ఏడేళ్ల పిల్లల ముందు బొమ్మలు పెట్టింది. రంగు తప్ప అన్నీ ఒకేలా ఉన్న బొమ్మలు. మంచి బొమ్మ ఏది, చెడ్డ బొమ్మ ఏది, నీలా ఉన్నది ఏది అని అడిగారు. నల్లజాతి పిల్లల్లో ఎక్కువమంది మంచిదంటూ తెల్లబొమ్మనే చూపించారు. చివరి ప్రశ్న దగ్గర కొందరు ఏడ్చారు. బడుల్లో రంగును బట్టి పిల్లల్ని విడదీయడం చెల్లదని సుప్రీంకోర్టు 1954లో ఇచ్చిన తీర్పు వెనుక ఈ పరీక్ష కూడా ఉంది.

అందుకే నల్లజాతి తల్లులు నల్లబొమ్మ కోసం ఊరంతా గాలిస్తారు. పుస్తకం కొనే ముందు లోపల తమ బిడ్డలాంటి ముఖం ఉందా అని చూస్తారు. మా అత్తగారు ఉదయం మా పాపను అద్దం ముందు నిలబెట్టి, 'ఈ ముక్కు మా అమ్మది, ఈ నుదురు మా నాయనమ్మది' అని ఒక్కొక్కటీ పేరుపేరునా చెబుతారు. 'అందంగా ఉన్నావు' అన్న పొగడ్త కంటే అదే మా పాపకు ఎక్కువ బలమిచ్చిందని నా నమ్మకం. తన ముఖంలో ఎవరెవరు ఉన్నారో దానికి తెలుసు.

జుట్టు విషయంలో అంత పట్టింపు ఎందుకు?

దీనికి జవాబు కాస్త పొడుగు.

1786లో లూసియానా గవర్నరు, న్యూ ఆర్లీన్స్‌లోని స్వతంత్ర నల్లజాతి స్త్రీలు జుట్టు కనబడకుండా తలగుడ్డ కట్టుకోవాలని ఉత్తర్వు చేశాడు. వాళ్ల జుట్టు, నగలు తెల్లవారికి కంటగింపయ్యాయి. ఆ స్త్రీలు రంగురంగుల పట్టు గుడ్డలు తెచ్చి, కిరీటాల్లా చుట్టుకున్నారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా గొడవ నడుస్తూనే ఉంది. అల్లిన జడలతో, గుబురు జుట్టుతో వచ్చారని పిల్లల్ని బడి నుంచి ఇంటికి పంపారు, పెద్దవాళ్లను ఉద్యోగాల నుంచి తీసేశారు. జుట్టును బట్టి వివక్ష చూపడం చెల్లదంటూ 2019లో కాలిఫోర్నియా 'క్రౌన్' చట్టం చేసింది. ఆ తర్వాత 20కి పైగా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. పుట్టిన జుట్టుతో బడికి వెళ్లడానికి చట్టం కావలసి వచ్చిందంటే ఆలోచించండి.

ఇంట్లో మాత్రం జుట్టు ఒక పండుగ. మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నమంతా దానికే. తల్లి కుర్చీలో, బిడ్డ నేల మీద ఆమె మోకాళ్ల మధ్య. తడి జుట్టును పాయలుగా విడదీయాలి. చిక్కు కింది నుంచి పైకి తీయాలి, పైనుంచి లాగితే ప్రాణం పోతుంది. షియా వెన్న, కొబ్బరినూనె రాయాలి. ఆపైన తల మీదే వరుసలుగా అల్లుకుంటూ రావాలి. రాత్రి శాటిన్ టోపీ పెట్టాలి, లేకపోతే నూలు దిండు తేమంతా పీల్చేస్తుంది. పెళ్లయిన కొత్తలో నాకు ఇవేవీ తెలియవు. తెనాలిలో మా అమ్మ ఆముదం రాసి, కుంకుడుకాయతో రుద్ది, పీట మీద కూర్చోబెట్టి రెండు జడలు వేసేది. ఆ చేతులతోనే నేనిప్పుడు వరుస జడలు అల్లుతున్నాను. మా అత్తగారు నాకు ఒక బొమ్మ తల ఇచ్చి రెండు నెలలు సాధన చేయించారు.

మూడు గంటలు కదలకుండా కూర్చున్న పిల్ల ఎన్ని చెబుతుందో తెలుసా? బడిలో ఎవరు ఏమన్నారు, ఎందుకు ఏడ్చింది, అన్నీ ఆ మోకాళ్ల మధ్యే బయటకు వస్తాయి.

'ఆ మాట చెప్పడం' అంటే ఏమిటి?

చాలా నల్లజాతి ఇళ్లలో కొడుకు ఎదుగుతుండగా ఒకరోజు కూర్చోబెట్టి చెప్పే మాట. కూతుళ్లకూ చెబుతారు. పోలీసు ఆపితే చేతులు కనబడేలా ఉంచు. జేబులో చేయి పెట్టే ముందు పెడుతున్నానని చెప్పు. పరుగెత్తకు. ఎదురు చెప్పకు, ప్రాణంతో ఇంటికి రా, తప్పొప్పులు తర్వాత తేల్చుకుందాం. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్‌లో బొమ్మ తుపాకీతో ఆడుకుంటున్న టమీర్ రైస్‌ను పోలీసు కాల్చి చంపాడు. వాడికి 12 ఏళ్లు. మా వాడి చేతికి బొమ్మ తుపాకీ మేమెప్పుడూ ఇవ్వలేదు.

మా వాడికి పదేళ్లప్పుడు మావారు చెప్పారు. నేను పక్కన కూర్చున్నాను. 'నేనేం తప్పు చేశాను?' అని వాడు అడిగాడు. ఏమీ చేయలేదని మావారు అన్నారు. ఆ తర్వాత మా అత్తగారు వచ్చి వాణ్ని వంటింట్లోకి తీసుకెళ్లి, మొక్కజొన్న రొట్టె పిండి కలపమని గిన్నె చేతికిచ్చారు. భయం చెప్పిన రోజే చేతికి పని ఇవ్వాలన్నది ఆవిడ పద్ధతి.

బడిలో ఏం జరుగుతుంది?

2013-14 విద్యాసంవత్సరపు ప్రభుత్వ లెక్కల ప్రకారం, బడికి ముందు దశ తరగతుల్లో నల్లజాతి పిల్లలు 19 శాతం. కానీ బడి నుంచి కొన్నాళ్లు వెలివేసిన పసిపిల్లల్లో వాళ్లే 47 శాతం. వీళ్లు నాలుగేళ్ల పిల్లలు. ఒకే అల్లరికి ఒకణ్ని 'చురుకైనవాడు' అంటారు, ఇంకొకణ్ని 'ప్రమాదం' అంటారు.

నేను చూసిన తల్లులు ఏడాది మొదట్లోనే టీచరును కలిసి పరిచయం చేసుకుంటారు. ఫిర్యాదు వచ్చేదాకా ఆగరు. బడి ఏం చెప్పినా రాతపూర్వకంగా ఇవ్వమంటారు. తరగతిలో తమ బిడ్డ రంగు టీచరు ఒక్కరైనా ఉండాలని వెతుకుతారు. నార్త్ కరొలినాలో జరిగిన ఒక పెద్ద పరిశోధనలో, 3 నుంచి 5 తరగతుల మధ్య ఒక్క నల్లజాతి టీచరు దగ్గర చదివినా పేద నల్లజాతి అబ్బాయిలు చదువు మానేసే అవకాశం 39 శాతం తగ్గిందని తేలింది.

పిల్లలకు అంత ధైర్యంగా మాట్లాడటం ఎక్కడ అలవాటవుతుంది?

చాలామందికి చర్చిలో. ఈస్టరు ఆదివారం నల్లజాతి చర్చిల్లో పసిపిల్లలతో నాలుగైదు పంక్తుల పలుకులు చెప్పిస్తారు. మూడేళ్ల పిల్ల కూడా కొత్త గౌను వేసుకుని అందరి ముందు నిలబడాలి. మా వాడికి నాలుగేళ్లప్పుడు రెండో పంక్తి మరచిపోయి పెదవి వణికించాడు. నాకు గుండె ఆగినంత పనైంది. వెనుక వరుసలో ఎవరో పెద్దావిడ, 'తొందరేం లేదు నాన్నా, నిదానంగా చెప్పు' అన్నారు. ఇంకొకరు 'సరే, సరే' అన్నారు. చప్పట్లు మొదలయ్యాయి. వాడు ఆ రెండో పంక్తి వదిలేసి మూడోది గట్టిగా అరిచాడు. చర్చి మొత్తం లేచి నిలబడింది.

మన ఇళ్లలోనూ చుట్టాల ముందు పద్యం చెప్పిస్తాం. తప్పు పోతే సరిదిద్దుతాం, పక్కింటి పిల్లతో పోలుస్తాం. అక్కడ తప్పు పోయిన బిడ్డకే ఎక్కువ చప్పట్లు. తడబడినా ఈ జనం నన్ను పడనివ్వరని వాడికి నాలుగేళ్లకే తెలిసింది.

ఇరుగుపొరుగు అంతగా ఆదుకుంటారా?

కన్నతల్లి కాకపోయినా తల్లి బాధ్యత మోసే ఆడవాళ్లను గురించి సామాజిక శాస్త్రవేత్త పట్రీషియా హిల్ కాలిన్స్ రాశారు. మన పెద్దమ్మలు, పిన్నమ్మల్లాంటివాళ్లే, కాకపోతే రక్తసంబంధం అక్కర్లేదు.

1960లో న్యూ ఆర్లీన్స్‌లో ఆరేళ్ల రూబీ బ్రిడ్జెస్ తెల్లపిల్లల బడిలో అడుగుపెట్టింది. తండ్రి వెనుకాడితే, తల్లి లూసిల్ పట్టుబట్టి పంపింది. తండ్రి ఉద్యోగం పోయింది, దుకాణంలో సరుకులు ఇవ్వం పొమ్మన్నారు. పొరుగువాళ్లలో ఒకరు ఆయనకు పని ఇచ్చారు. కొందరు చిన్నపిల్లల్ని చూసుకున్నారు, కొందరు ఇంటికి కాపలా కాశారు, కొందరు పిల్లను బడికి తీసుకెళ్లే కారు వెనుక నడిచారు. చరిత్ర పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది ఆ చిన్నపిల్ల ఒక్కతే. నాకు కారు వెనుక నడిచినవాళ్లే కళ్ల ముందు మెదులుతారు.

మనకు దగ్గరి ఉదాహరణ ఇంకొకటి ఉంది. చెన్నైలో పుట్టి, బర్క్‌లీ వచ్చి చదువుకున్న శ్యామలా గోపాలన్ ఇద్దరు కూతుళ్లను భర్తకు దూరంగా పెంచారు. ఈ దేశం తన పిల్లలను నల్లజాతి అమ్మాయిలుగానే చూస్తుందని ఆమెకు తెలుసు, అలాగే గర్వంగా పెంచారు. ఆమె పరిశోధనశాలలో ఆలస్యమైతే, పిల్లల్ని చూసుకున్నది పొరుగావిడ, శిశుసంరక్షణ కేంద్రం నడిపిన రెజీనా షెల్టన్. 2021లో శ్యామల పెద్ద కూతురు కమలా హారిస్ అమెరికా ఉపాధ్యక్షురాలిగా ప్రమాణం చేసినప్పుడు వాడిన రెండు బైబిళ్లలో ఒకటి ఆ షెల్టన్ గారిది.

సంస్థలూ ఉన్నాయి. ఫిలడెల్ఫియా తల్లులు 1938లో పెట్టిన 'జాక్ అండ్ జిల్' ఇప్పటికీ పిల్లలకు సేవ, నాయకత్వం నేర్పుతోంది. 1969లో ఓక్లాండ్‌లోని ఒక చర్చిలో బ్లాక్ పాంథర్లు అనే నల్లజాతి ఉద్యమ పార్టీవాళ్లు బడిపిల్లలకు ఉచిత అల్పాహారం మొదలుపెట్టారు.

తండ్రులు పట్టించుకోరంటారు, నిజమేనా?

కాదు. 2013లో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నివేదికలో, పిల్లలతో కలిసి ఉంటున్న నల్లజాతి తండ్రులు అన్నం పెట్టడం, స్నానం చేయించడం, బట్టలు తొడగడం లాంటి పనుల్లో మిగతా తండ్రులతో సమానంగానో ఎక్కువగానో ఉన్నారని తేలింది. మా ఇంట్లో పిల్లలకు నీళ్లు పోసేది మావారే.

'నల్లజాతి స్త్రీలు చాలా గట్టివాళ్లు' అనడం పొగడ్తే కదా?

పొగడ్తలాగే ఉంటుంది. కానీ గట్టిమనిషి కదా అని నొప్పి మందు ఇవ్వరు, ఎలా ఉన్నావని అడగరు. ఏళ్ల తరబడి వివక్షను మోసిన శరీరం ముందే అలసిపోతుందని ఆర్లీన్ జెరోనిమస్ అనే పరిశోధకురాలు 1990ల నుంచి చెబుతూ వచ్చారు. మా అత్తగారిని ఎవరైనా అలా పొగిడితే, 'గట్టిదాన్నని చెప్పకు, ఆ సంచి ఇలా అందుకో' అంటారు.

మా అమ్మాయికి పుట్టబోయేది నల్లజాతి బిడ్డ. అమ్మమ్మగా నేనేం చేయాలి?

ఈ ప్రశ్న అడిగినందుకు మీకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

నా మొదటి కాన్పుకు ముందు మా అమ్మ కుంకుమపువ్వు పంపింది, పాలల్లో వేసుకో, బిడ్డ తెల్లగా పుడుతుందని. ప్రేమతోనే పంపింది. నేను ఫోన్లో ఏడ్చాను. 'అమ్మా, నా బిడ్డ పుట్టకముందే నీకు నచ్చలేదా?' అన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత మూడు నెలలకు పురిటికి వచ్చింది. బిడ్డను చేతుల్లోకి తీసుకుని, 'మా నాన్న రంగు' అంది. నిజంగానే మా తాతయ్య రంగు.

మీరు కూడా ముందు రంగు మాట మానండి. 'నల్లగా ఉన్నా కళగా ఉంది' అనకండి, ఆ 'ఉన్నా' బిడ్డ చెవిలో పడుతుంది. శనగపిండి నలుగు పెట్టండి, శుభ్రం కోసం, రంగు తగ్గడానికని కాదు. బిడ్డ ఫొటోను చుట్టాలందరికీ చూపించండి. వియ్యపురాలితో మాట కలపండి, భాష రాకపోయినా ఇద్దరూ ఒకే బిడ్డకు నూనె రాయవచ్చు. జుట్టు గురించి ఆవిడ చెప్పింది వినండి. జోలపాట మాత్రం తెలుగులోనే పాడండి.

మా పాప స్నేహితురాలు నల్లజాతి అమ్మాయి. వాళ్ల ఇంటికి పంపవచ్చా?

పంపండి. మీ ఇంటికీ పిలవండి. 1965 వలస చట్టానికి ముందు ఇండియాకు ఏడాదికి వంద వలస వీసాలే. ఆ తలుపు తెరిచిన ప్రభుత్వం నల్లజాతి పౌరహక్కుల ఉద్యమ ఒత్తిడితో మారిన ప్రభుత్వమే. మీ పాపకు ఇది ఇప్పుడే అర్థం కాకపోవచ్చు, మీకు తెలిసి ఉంటే చాలు.

అడగకుండా ఆ పిల్ల జుట్టు ముట్టుకోవద్దని మీ పాపకు ముందే చెప్పండి. రాత్రి ఉంటే శాటిన్ టోపీ తెచ్చుకుంటుంది, అదేమిటని నవ్వనివ్వకండి. ఉదయం ఇడ్లీ పెట్టండి. కారప్పొడి పక్కన కాస్త పంచదార కూడా ఉంచండి, మా ఇంటికి వచ్చే పిల్లలు ముందు పంచదారతోనే మొదలుపెడతారు.